ఇంట్లో కోలుకుంటున్న నెలల్లో హోమ్ లోను, పొదుపు నెట్టుకురావడం ఎలా?

ఆసుపత్రి బిల్లు పెద్దదే, కానీ అది ఒకసారితో పోతుంది. ఇన్సూరెన్సో, ఆరోగ్యశ్రీయో, ఆఫీసు కార్డో ఏదో ఒకటి కొంతైనా ఆదుకుంటుంది. అసలు టెన్షన్ డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక గడిచే మూడు నాలుగు నెలలది. జీతం సగమే వస్తుంది, లేదా అసలు రాదు. ఫిజియోథెరపిస్టు వచ్చిపోతుంటాడు, మందుల షాపులో ఖాతా పెరుగుతుంటుంది. ఐదో తారీఖున మాత్రం హోమ్ లోను వాయిదా ఠంచనుగా కట్ అవుతుంది.

ఈ కాలానికి లక్ష్యాలు రెండే. జీతం మళ్ళీ మొదలయ్యేదాకా చేతిలో డబ్బు ఆడాలి. లోను ఖాతాకు మచ్చ పడకూడదు. లోను తొందరగా తీర్చేయడం, పొదుపు పెంచుకోవడం లాంటివన్నీ తర్వాతి మాట. ఇన్సూరెన్సు డబ్బు చేతికి రాగానే "కొంత లోనుకు కట్టేద్దాం" అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్ళ మాట ప్రస్తుతానికి వినకండి. ఎందుకో లెక్కతో సహా కింద చెప్తాను.

లెక్కలకు ఒకే ఉదాహరణ పట్టుకుందాం. 30 లక్షల లోను, 20 ఏళ్ళ గడువు, 8.5 శాతం వడ్డీ. నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. మొదటి వాయిదాలో 21,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,785 మాత్రమే.

ముందుగా, డబ్బు వ్యవహారం ఒకరి చేతికివ్వండి

నొప్పి మాత్రల మగతలో ఉన్న మనిషి చేత ఎఫ్‌డీ రద్దు ఫారం మీద సంతకం పెట్టించకూడదు. అలాగని ఇంట్లో నలుగురూ తలో చెయ్యి వేసినా గందరగోళమే. భార్యో, భర్తో, పెద్ద కొడుకో ఒక్కరు బాధ్యత తీసుకోవాలి. మొదటి వారంలోనే వాళ్ళు ఒక నోటుబుక్కులో ఇవి రాసుకోవాలి: ఏ బ్యాంకులో ఏ ఖాతా, లోను ఖాతా నంబరు, ప్రతి నెలా ఏ తారీఖున ఏది ఆటోమేటిగ్గా కట్ అవుతుంది, ఏ పాలసీ ప్రీమియం ఎప్పుడు, చిట్టీ ఎవరి దగ్గర, ఎన్ని నెలలు కట్టారు.

ఓటీపీలు రోగి ఫోనుకే వస్తాయి కాబట్టి ఫోనూ పిన్నూ ఇచ్చేయడం అందరూ చేసే పనే. దానికంటే ఖాతాను జాయింటుగా మార్చి, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే పద్ధతి పెట్టుకోవడం మంచిది. పక్షవాతం వచ్చో, ఆపరేషన్ వల్లో సంతకం చేయలేకపోతే వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది ఆర్‌బీఐ పెట్టిన ఏర్పాటే. కౌంటరులో కుర్రాడికి తెలియకపోతే నేరుగా మేనేజరును అడగండి. 70 ఏళ్ళు దాటినవారికి, కదల్లేనివారికి ఇంటి దగ్గరే ప్రాథమిక సేవలు అందించాలని 2017లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది.

లోనులో కో-అప్లికెంటు ఉంటే మొత్తం బాకీకి వాళ్ళూ పూర్తి బాధ్యులే. కాబట్టి బ్యాంకుతో మాట్లాడాల్సింది వాళ్ళే. రోగిని వీల్‌చెయిర్‌లో బ్రాంచికి తీసుకెళ్ళాల్సిన పనిలేదు.

రూపాయలు కాదు, నెలలు లెక్కపెట్టండి

"మన దగ్గర ఎంతుంది" అని కాకుండా "ఉన్నది ఎన్ని నెలలొస్తుంది" అని అడగాలి. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, భర్తకు వెన్నెముక ఆపరేషన్ అనుకుందాం. సెలవులు అయిపోయాయి, ఆయన జీతం ఆగింది. భార్యకు స్కూల్లో 20,000 వస్తుంది. కట్ చేయలేని నెల ఖర్చులు ఇలా ఉంటాయి:

వాయిదా 26,000
ఇంటి ఖర్చు 18,000
అపార్టుమెంటు మెయింటెనెన్సు 2,500
స్కూలు ఫీజు నెల వాటా 6,000
ప్రీమియంల నెల వాటా 3,000
మందులు, ఫిజియో, చెకప్‌లకు క్యాబులు 12,000

మొత్తం 67,500. భార్య జీతం పోగా లోటు 47,500. సేవింగ్స్ ఖాతాలో 60,000, ఎఫ్‌డీ 2 లక్షలు ఉన్నాయి. 2,60,000ని 47,500తో భాగిస్తే దాదాపు ఐదున్నర నెలలు. నెలకు 10,000 చిట్టీ కూడా కడుతుంటే లోటు 57,500 అవుతుంది, ఐదున్నర కాస్తా నాలుగున్నరకు దిగుతుంది.

ఇప్పుడు డాక్టరు మాటతో పోల్చండి. మూడు నెలల తర్వాత ఉద్యోగంలో చేరొచ్చన్నారంటే మొదటి జీతం నాలుగో నెలాఖరుకు. దానికి ఇంకో రెండు నెలలు కలపండి, ఎందుకంటే "మూడు నెలలు" అన్నది మూడు నెలల్లో అయిపోవడం అరుదు. అంటే ఆరు నెలలకు సరిపడా కావాలి. ఉన్నది ఐదున్నరకు. కొద్ది తేడానే. చిట్టీని ఏం చేయాలో తేల్చుకుని, బ్యాంకు దగ్గర రెండు మూడు వేలు తగ్గించుకుంటే గట్టెక్కుతారు.

ఆ 12,000లో ఏముందో వారం రోజులు రాసి చూడండి. మందుల్లో తేడా బాగా తెలుస్తుంది. జన ఔషధి కేంద్రంలో అదే మందు బ్రాండు ధరలో సగానికో, ఇంకా తక్కువకో దొరుకుతుంది. కానీ మార్చే ముందు డాక్టరును అడగండి. మూర్ఛ, గుండె, థైరాయిడ్ మందుల్లో ఇది మరీ ముఖ్యం. మంచం, వీల్‌చెయిర్, ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ లాంటివి కొనకుండా అద్దెకు తీసుకోండి. పరామర్శకు వచ్చేవాళ్ళ కాఫీ టిఫిన్ల లెక్క మాత్రం రాయకండి. రాస్తే బాధ, రాయకపోయినా తగ్గేది లేదు.

మీకు రావాల్సిన డబ్బు ముందు రాబట్టుకోండి

పొదుపు తీసే ముందు, అప్పు చేసే ముందు, హక్కుగా రావాల్సింది ఏమైనా మిగిలిందా చూడాలి. చాలామంది వదిలేసుకునే సొమ్ము ఇక్కడే ఉంటుంది.

మొదటిది హెల్త్ పాలసీలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులు. చాలా పాలసీలు 60 రోజుల వరకు, కొన్ని 90, 180 రోజుల వరకు మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజులు ఇస్తాయి. డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీ కూడా చాలా పాలసీల్లో ఇందులోకే వస్తుంది. ఆసుపత్రిలో క్యాష్‌లెస్ అయిపోయింది కదా అని దీన్ని మర్చిపోతారు. బిల్లు మీద రోగి పేరు, తేదీ ఉండాలి, దానికి జతగా డాక్టరు చీటీ ఉండాలి. మందుల షాపులో పేరు లేకుండా చేత్తో రాసిచ్చే తెల్ల చీటీ క్లెయిముకు పనికిరాదు. ఇంటికొచ్చే ఫిజియో ఫోనుకు డబ్బు పంపి ఊరుకోకండి. ఏయే రోజుల్లో వచ్చాడో రాసి, రిజిస్ట్రేషన్ నంబరుతో నెలకొక బిల్లు ఇమ్మనండి. గడువు ముగిశాక 15 రోజుల్లోపు కాగితాలు పంపాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, మీ పాలసీ తీసి తారీఖు నోటుబుక్కులో వేసుకోండి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

రెండోది, లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు అంటగట్టిన ఇన్సూరెన్సు. ఆ రోజు ప్రీమియాన్ని లోనులోనే కలిపేసి సంతకం పెట్టించుకుని ఉంటారు, మీకు గుర్తుండదు. లోను ఫైలు తీసి ఆ పాలసీ చదవండి. ఎక్కువ వాటిలో మరణానికి మాత్రమే కవరేజీ. కొన్నింటిలో క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూరు లాంటి తీవ్ర వ్యాధులకు, శాశ్వత వైకల్యానికి కూడా ఉంటుంది. అలా ఉంటే లోనులో పెద్ద భాగం ఒక్కసారిగా తీరిపోవచ్చు. వ్యాధి బయటపడ్డాక 30 రోజులు బతికుండాలనే షరతు ఇలాంటి వాటిలో మామూలే. ఆ గడువు దాటాకే క్లెయిము కదులుతుంది.

మూడోది ఉద్యోగం వైపు నుంచి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతుంటే, అర్హత ఉన్నవారికి జబ్బు సెలవులో రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. క్యాన్సరు, టీబీ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు దీన్ని 80 శాతంతో పొడిగించే వీలుంది. ఇంట్లో ఇద్దరి జీతాలతో లోను కడుతున్నవాళ్ళలో ఒకరికి ఈఎస్‌ఐ ఉండటం మామూలే. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ లేకుండా ఈ డబ్బు రాదు, ప్రైవేటు ఆసుపత్రి కాగితాలు మాత్రమే చూపిస్తే ఆలస్యమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే హాఫ్ పే లీవును కమ్యూటెడ్ లీవుగా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, ఒక రోజుకు రెండు హాఫ్ పే రోజులు ఖాతాలోంచి పోతాయి. ప్రైవేటులో హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి మిగిలిన సెలవులు, గ్రూపు ఇన్సూరెన్సులో అదనంగా ఏమైనా ఉంటే ఆ వివరం, జీతం అడ్వాన్సు, ఈ మూడూ ఒకేసారి అడగండి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టేవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. దానికీ ఒరిజినల్ బిల్లులే కావాలి, ఇన్సూరెన్సుకూ అవే కావాలి. ఏ బిల్లు ఎక్కడికి పోతుందో ముందే విడదీసుకుని, ఇచ్చే ప్రతి కాగితం రంగు జిరాక్సు దగ్గర పెట్టుకోండి.

బ్యాంకుకు వాయిదా తప్పక ముందే వెళ్ళండి

వాయిదా బౌన్సు అయ్యాక వెళ్ళేవాళ్ళకు, కాకముందు వెళ్ళేవాళ్ళకు బ్యాంకులో దొరికే మర్యాద వేరు. బౌన్సు అయితే రెండు వైపులా చార్జీలు పడతాయి, వాటి మీద జీఎస్టీ. క్రెడిట్ రిపోర్టులో ఆలస్యం నమోదవుతుంది. చెక్కు బౌన్సు లాగే ఆటో డెబిట్ తప్పడం కూడా చట్టం కింద కేసు పెట్టదగ్గ విషయమే. కాబట్టి మొదటి జాగ్రత్తగా రెండు మూడు వాయిదాలకు సరిపడా డబ్బు ఆ ఖాతాలో ఉంచేయండి. మందుల షాపుకు ఆ ఖాతా నుంచి కట్టకండి.

తర్వాత ఏం అడగాలన్నది ముఖ్యం. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఇచ్చిన మారటోరియం గుర్తుండిపోయి, "ఆరు నెలలు ఆపండి" అని అడుగుతారు. అది కోవిడ్ కోసం ఆర్‌బీఐ దేశమంతటికీ ఇచ్చింది. మామూలు రోజుల్లో అది హక్కు కాదు. ఒకవేళ ఇచ్చినా లెక్క చూడండి. మన ఉదాహరణలో మొదట్లోనే ఆరు నెలలు ఏమీ కట్టకపోతే వడ్డీ పేరుకుని బాకీ సుమారు 31.30 లక్షలవుతుంది. ఆ తర్వాత అదే 26,035 కడుతూ పోతే 240 కాదు, దాదాపు 270 వాయిదాలు కట్టాలి. ఆరు ఆపినందుకు అదనంగా 30. వేరే దారేదీ లేనప్పుడే అడగాల్సిన సాయం ఇది.

అంతకంటే తేలికైనవి ముందు అడగండి. ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్ రేటుతో పాటు మారే వడ్డీ) లోను అయితే ఈఎంఐ, అంటే నెల వాయిదా, ఎప్పుడు మారిందో చూసుకోండి. 2025లో రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. రేటు తగ్గినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది మంచిదే, ఇప్పుడు మీకు కావాల్సింది తక్కువ వాయిదా. "గడువు పాతదే ఉంచి ఈఎంఐ తగ్గించండి" అని రాసివ్వండి. 30 లక్షలకు 20 ఏళ్ళ మీద వడ్డీ 8.5 నుంచి 7.25కు వస్తే వాయిదా సుమారు 23,711. నెలకు 2,300 మిగులు. రేటు తగ్గినట్టే కనబడకపోతే, కొత్తగా లోను తీసుకునేవాళ్ళకు ఇస్తున్న రేటుకు మార్చమని అడగండి. కొంత కన్వర్షన్ ఫీజు ఉంటుంది, వాయిదాలో మిగిలే డబ్బుతో కొన్ని నెలల్లో అది తిరిగి వచ్చేస్తుంది. వేరే బ్యాంకుకు లోను మార్చడం మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి. కొత్త బ్యాంకు జీతం స్లిప్పులు అడుగుతుంది, మీ స్లిప్పులో లాస్ ఆఫ్ పే ఉంటుంది.

లోను ఓవర్‌డ్రాఫ్టు పద్ధతిలో ఉంటే, ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటిదైతే, ముందు రోజుల్లో అదనంగా వేసిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మామూలు లోనులో అదనంగా కట్టింది తిరిగి రాదు. మొదట్లో పెద్దమనుషుల మాట వినొద్దన్నది ఇందుకే. 3 లక్షలు చేతికొచ్చి లోనులో కడితే వాయిదా నెలకు 2,600 తగ్గుతుంది. అదే 3 లక్షలు చేతిలో ఉంటే పదకొండు నెలల వాయిదాలు కట్టుకోవచ్చు.

ఇవన్నీ చాలకపోతే గడువు పొడిగింపు. లోను కొత్తదైతే దీంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. 20 ఏళ్ళను 30 చేసినా వాయిదా 23,067కే దిగుతుంది. సగం కట్టేసినవాళ్ళకు మాత్రం గట్టి ఊరట. పదేళ్ళు కట్టాక మిగిలే బాకీ సుమారు 21 లక్షలు, దాన్ని మళ్ళీ 20 ఏళ్ళకు సాగదీస్తే వాయిదా 18,200 దగ్గర ఆగుతుంది. అయితే ఆర్థిక ఇబ్బంది చూపించి షరతులు మార్పించుకుంటే బ్యాంకు దాన్ని రీస్ట్రక్చరింగ్‌గా లెక్కగట్టవచ్చు, క్రెడిట్ రిపోర్టులో ఆ మాట పడవచ్చు. రెండేళ్ళలో ఇంకో లోను అవసరమున్నవాళ్ళకు అది అడ్డు. సంతకం పెట్టే ముందు సూటిగా ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని రీస్ట్రక్చర్డ్ అని రిపోర్టు చేస్తారా?" జవాబు మెయిల్‌లో తీసుకోండి.

ఉత్తరం పొడుగ్గా రాయక్కర్లేదు. ఇలా చాలు:

బ్రాంచి మేనేజరు గారికి,
విషయం: హోమ్ లోను ఖాతా నం. ........ ఈఎంఐ తగ్గింపు గురించి.
అయ్యా, పై లోనులో నేను కో-అప్లికెంటును. నా భర్తకు ..... తేదీన వెన్నెముక శస్త్రచికిత్స జరిగింది. డాక్టరు మూడు నెలల విశ్రాంతి చెప్పారు, సర్టిఫికెట్ జతచేశాను. ఇప్పటివరకు ఒక్క వాయిదా కూడా తప్పలేదు. వచ్చే మూడు వాయిదాలకు ఖాతాలో డబ్బు ఉంచాము. ఆ తర్వాత ఇబ్బంది రాకుండా, (1) తగ్గిన వడ్డీ రేటు ప్రకారం గడువు మార్చకుండా ఈఎంఐ తగ్గించాలని, (2) వాయిదా తేదీని 5 నుంచి 10కి మార్చాలని కోరుతున్నాను. మీ నిర్ణయాన్ని దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి.

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయనంటే అదే ఉత్తరాన్ని కస్టమర్ కేర్ మెయిల్‌కు పంపి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448కి ఫోన్ చేయొచ్చు.

ఏ పొదుపు ముందు తీయాలి

సేవింగ్స్ ఖాతా, ఆ తర్వాత ఎఫ్‌డీ. ఇందులో వాదన లేదు. ఎఫ్‌డీ గడువుకు ముందు తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో పోతుంది, అంతే. రెండు నెలల్లో మెచ్యూరయ్యే ఎఫ్‌డీ అయితే దాని మీద లోను తీసుకోండి, వడ్డీ ఎఫ్‌డీ రేటుకు ఒకటో రెండో శాతం ఎక్కువ. ఇంకా ఏడాది పైన ఉంటే రద్దు చేయడమే మేలు.

చిట్టీ దగ్గర జాగ్రత్తగా ఆలోచించాలి. 20 నెలల రెండు లక్షల చిట్టీలో 12 నెలలు కట్టారనుకుందాం. ఇప్పుడు పాడుకుంటే పాటలో కొంత పోయి లక్షా డెబ్బై, ఎనభై వేలు చేతికొస్తాయి. కానీ మిగిలిన నెలలు కడుతూనే ఉండాలి. పైగా పాడుకున్నవాళ్ళు జామీను ఇవ్వాలి. జీతం ఆగిన మనిషికి జామీను సంతకం పెట్టేవాళ్ళు దొరకడం కష్టం, రిజిస్టర్డ్ కంపెనీలు జామీనుదారుల జీతం స్లిప్పులు కూడా చూస్తాయి. అందుకే జామీను దొరికి, రాబోయే వాయిదాలు వచ్చిన డబ్బులోంచే పక్కన పెట్టగలిగితేనే పాడుకోండి. లేకపోతే చిట్టీ నడిపేవాళ్ళతో మాట్లాడి మీ స్థానంలో చుట్టాన్నో, స్నేహితుడినో చేర్పించి, కట్టింది వెనక్కి తీసుకోవడం తేలిక. రిజిస్టరు కాని కాలనీ చిట్టీలో ఇరుక్కుని ఉంటే కట్టడం ఆపకుండా ముందు పాడుకుని బయటపడటమే నా సలహా. మీ జబ్బు సంగతి తెలిశాక వాళ్ళు మీకు పాట ఇవ్వడానికి వెనకాడతారు.

బంగారమా, పీఎఫ్‌ఫా? ఇంట్లో ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే. పీఎఫ్‌లో వైద్యం కోసం తీసుకునే అడ్వాన్సు తిరిగి కట్టక్కర్లేదు, ఉమాంగ్ యాప్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. ఆధార్, బ్యాంకు, పాన్ వివరాల్లో పేరు ఒకేలా ఉంటే తొందరగా వస్తుంది. కానీ 2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం. మళ్ళీ అంత భద్రంగా అంత వడ్డీ ఇచ్చే చోటు వెతకాలి. గోల్డు లోనుకు వడ్డీ కట్టాలి, కట్టకపోతే నగలు వేలానికి పోతాయి. నేను చెప్పేది ఇది: ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళడం ఖాయమైతే బంగారం బ్యాంకులో పెట్టండి, నాలుగైదు నెలల్లో విడిపించుకుంటారు. తిరిగి వెళ్తారో లేదో అనుమానమైతే పీఎఫ్ తీయండి. ఆదాయం తెలియనప్పుడు తిరిగి కట్టాల్సిన డబ్బు నెత్తికెత్తుకోకూడదు. బంగారం పెట్టినా సగం మాత్రమే పెట్టండి, మిగతాది తర్వాత అవసరానికి ఉంటుంది.

పీపీఎఫ్‌ను ప్రాణాపాయ జబ్బుల చికిత్సకు ఐదేళ్ళు దాటాక మూసుకునే వీలుంది, వడ్డీలో ఒక శాతం తగ్గిస్తారు. ఏడో ఏడు నుంచి కొంత తీసుకోవచ్చు. ఎల్‌ఐసీ పాలసీ మీద లోను తీసుకోవచ్చు కానీ సరెండర్ చేయకండి. జబ్బు చేసిన మనిషికి కొత్త లైఫ్ పాలసీ దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం ఎక్కువ.

బావమరిది ఇచ్చే చేబదులు తీసుకోవచ్చు, మొహమాటపడకండి, తారీఖు మాత్రం చెప్పండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేకండి. అది ఏడాదికి 24 శాతం. 8.5 శాతం లోను కట్టడానికి 24 శాతం అప్పు తేవడం మన ఊళ్ళల్లో పరువు పేరుతో జరుగుతూనే ఉంటుంది. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొస్తే అది ఇంకా ఎక్కువ పడుతుంది. లోను యాప్‌ల జోలికి అసలు వెళ్ళొద్దు.

ఆపగలిగినవి, ఆపకూడనివి

మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ ఆపేయొచ్చు, యాప్‌లో పాజ్ చేయండి. ఊరికే వదిలేస్తే ఖాతాలో డబ్బు లేక బౌన్సు చార్జీలు పడతాయి. సుకన్యకు ఏడాదికి 250, పీపీఎఫ్‌కు 500 వేస్తే ఖాతా బతికే ఉంటుంది. పోస్టాఫీసు ఆర్‌డీ నాలుగు నెలలకు మించి తప్పకూడదు. హెల్త్ ఇన్సూరెన్సు, టర్మ్ పాలసీ ప్రీమియంలు మాత్రం ఏం చేసైనా కట్టాలి. వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, కాబట్టి ఈసారి రెన్యువల్ నోటీసులో ఆ 18 శాతం కలిపారేమో చూసుకోండి.

వాయిదా తప్పిపోయే ఉంటే

భయపడి ఫోన్ ఎత్తకుండా ఉండటమే పెద్ద నష్టం. 30 రోజుల లోపు, 60 లోపు, 90 లోపు అని బ్యాంకులు బాకీని మూడు మెట్లుగా చూస్తాయి. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు, దానికీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకునే ప్రక్రియ. అంటే ఒక్క వాయిదా తప్పగానే ఇంటికి తాళం వేయరు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కట్టిన డబ్బు ముందు పాత బాకీకే జమవుతుంది. కాబట్టి ఒక వాయిదా బాకీ పడి, ఆ తర్వాత ప్రతి నెలా ఒక్కటి చొప్పున కడుతూ పోతే బాకీ రోజులు 30 దగ్గరే ఆగుతాయి, 90కి చేరవు. ఎన్‌పీఏ అయ్యాక మాత్రం ఇలా కుదరదు. పేరుకున్న బాకీ మొత్తం, వడ్డీతో సహా తీరిస్తేనే ఖాతా మళ్ళీ మామూలవుతుంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరిస్తే రికార్డు చేసి బ్యాంకుకు, అక్కడ తేలకపోతే అంబుడ్స్‌మన్‌కు పంపండి.

జీతం మళ్ళీ మొదలయ్యాక

మొదటి జీతం రాగానే చేబదులు, గోల్డు లోను తీర్చేయాలనిపిస్తుంది. చేబదులు తీర్చండి. ఆ తర్వాత ముందు రెండు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన పెట్టాకే మిగతావి. తిరిగి చేరిన మొదటి మూడు నెలల్లో మళ్ళీ సెలవు పెట్టాల్సి రావడం మామూలే. వరుస ఇది: వాయిదాల నిల్వ, వడ్డీ ఎక్కువున్న అప్పు, బంగారం, సిప్, ఆఖరున లోనుకు అదనపు చెల్లింపు. మూడో నెలలో క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూసుకోండి, ఏడాదికి ఒకసారి ఉచితం. తప్పని వాయిదా తప్పినట్టు పడి ఉంటే అక్కడే ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టండి.

ఏడాది తిరిగి అన్నీ కుదుటపడ్డాక, తగ్గించుకున్న ఈఎంఐని మళ్ళీ పాత అంకెకు పెంచమని రాసివ్వండి. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టగలిగితే 20 ఏళ్ళ లోను దాదాపు మూడున్నరేళ్ళు ముందే తీరుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోనుకు ముందస్తు చెల్లింపు మీద చార్జీ లేదు. పెద్ద మొత్తం కట్టేటప్పుడు గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా అని ఫారంలో గడి ఉంటుంది. మామూలుగా గడువు తగ్గించుకోవడమే లాభం. చెకప్‌లు ఇంకా సాగుతూ, మళ్ళీ ఆపరేషన్ పడొచ్చని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఈఎంఐ తగ్గింపు గడిలోనే టిక్కు పెట్టండి.